పంతులు పెంచిన ఫుట్‌బాల్: సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షక జీవితం

ఫుట్‌బాల్ పోటీలో గోల్ కొట్టిన ఆటగాడి పేరు ఆ సాయంత్రానికే ఊరంతా తెలిసిపోతుంది గానీ, ఆ ఆటగాడికి బంతిని ఎలా ఆపాలో, ఎప్పుడు వదలాలో, ఎవరికి అందించాలో ఏళ్ల తరబడి నేర్పిన శిక్షకుడి పేరు, అంటే వాడుకలో కోచ్ అని పిలిచే మనిషి పేరు, చాలా సందర్భాల్లో ఆ మైదానం దాటి బయటికి రాదు. అటువంటి మనిషి ఎక్కడ మొదలై, ఏ చదువు చదివి, ఏ మెట్లు ఎక్కి పెద్ద శిక్షకుడవుతాడన్న ప్రశ్న పిల్లలు ఆడుకునే ప్రతి ఊరికీ సంబంధించినదే. ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేట వంటి ఊరికి అది మరింత దగ్గరి ప్రశ్న. ముగ్గురాయి గనుల చుట్టూ, ఆ రాయిని పిండి చేసే మిల్లుల చుట్టూ బతుకు అల్లుకున్న ఇటువంటి ఊళ్లలో పిల్లవాడి కాలిలో ఆట ఉందని మొదట కనిపెట్టగలిగిన మనిషి, బడిలోని వ్యాయామ ఉపాధ్యాయుడే.

అమెరికాలో ఈ దారికి చాలాకాలంగా ఒక స్థిరమైన రూపం ఉంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చేతబట్టుకుని పరుగెత్తే వేరే ఆట; ఆ ఆటలో విశ్వవిద్యాలయ జట్ల పోటీలకు వేలాది జనం వస్తారు, వాటి ప్రధాన శిక్షకులు రాష్ట్రమంతా ఎరిగిన మనుషులవుతారు. కళాశాల జట్టులో ఆడిన విద్యార్థి, పట్టా పుచ్చుకున్న తరువాత అదే జట్టులో సహాయకుడిగా చేరి, ఆపైన దాడినో రక్షణనో చూసుకునే శిక్షకుడై, చివరికి ప్రధాన శిక్షకుడి స్థానానికి చేరుకోవడం అక్కడి మామూలు క్రమం. నోటర్ డామ్ విశ్వవిద్యాలయంలో 1918 నుంచి 1930 వరకు ప్రధాన శిక్షకుడిగా పనిచేసి 105 పోటీలు గెలిపించిన న్యూట్ రాక్నీ కూడా, 1914లో పట్టభద్రుడైన తరువాత అక్కడి రసాయనశాస్త్ర విభాగంలో సహాయకుడిగా పనిచేస్తూనే జట్టుకు సహాయ శిక్షకుడిగా ఉండి, అక్కడినుంచి పైకి వచ్చినవాడే. చదువు చెప్పే పనీ ఆట నేర్పే పనీ ఒకే మనిషిలో కలిసి ఉండటం ఆ కాలపు శిక్షకుల్లో అరుదైన విషయం కాదు.

తెలుగు నేలమీద దీనికి సమానమైన జీవితం, కొన్ని విషయాల్లో దీనికంటే గొప్ప జీవితం, హైదరాబాదులో పుట్టి పెరిగిన సయ్యద్ అబ్దుల్ రహీంది. 1909 ఆగస్టు 17న జన్మించిన ఆయన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకుని, విశ్వవిద్యాలయ జట్టులో ఫుట్‌బాల్ ఆడి, బి.ఏ. పూర్తిచేసి, బడిపంతులుగా బతుకు మొదలుపెట్టి, 1951లోనూ 1962లోనూ భారత జట్టుకు ఆసియా క్రీడల స్వర్ణ పతకాలు తెచ్చిపెట్టి, 1956 ఒలింపిక్స్‌లో ఆ జట్టును నాలుగో స్థానంలో నిలిపారు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇంతవరకు అంతకంటే పై స్థానానికి చేరలేదు. 1962 తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మళ్లీ స్వర్ణం రాలేదు. ఇన్ని ఘనతలున్న మనిషి వృత్తిరీత్యా జీవితంలో ఎక్కువ భాగం పాఠశాల ఉపాధ్యాయుడే అన్న సంగతి, ఆయన విజయాల పట్టిక వెనుక మరుగున పడుతుంటుంది. ఆయన శిక్షణ స్వభావాన్ని అర్థం చేసుకోవాలంటే ఆ సంగతి దగ్గరే మొదలుపెట్టాలి.

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఒక భారతీయ భాషను, అంటే ఉర్దూను, పై చదువుల బోధనకు వాహకంగా చేసుకున్న సంస్థ. అక్కడి నుంచి బయటికి వచ్చిన రహీం కాచిగూడ మిడిల్ స్కూలు, ఉర్దూ షరీఫ్ స్కూలు, దారుల్ ఉలూం హైస్కూలు, చాదర్‌ఘాట్ హైస్కూలు వంటి బడుల్లో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, తాను పనిచేసిన బడుల్లో ఆటల బాధ్యతను కూడా చేపట్టారు. వ్యాయామ విద్య అంటే ఒక ఆటలో నేర్పు మాత్రమే కాదని, శరీరం ఎదిగే తీరు, అలసట, గాయం, ఊపిరి, వయసుకు తగిన కసరత్తు వంటివన్నీ కలిసిన శాస్త్రమని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు గానీ, డ్రిల్ మాస్టారు అంటే పిల్లలను వరుసలో నిలబెట్టి చేతులెత్తించే ఉద్యోగి అని సమాజం అనుకున్న కాలంలో ఒక బి.ఏ. పట్టభద్రుడు పనిగట్టుకుని ఆ చదువు చదవడం విశేషంగానే చెప్పుకోవాలి.

ఆయన ఆడిన రోజుల ఆట గురించి ఎక్కువగా చెప్పుకోనక్కరలేదు. నగరంలోని లీగ్ పోటీల్లో, అంటే జట్లన్నీ ఒకదానితో ఒకటి వరుసగా తలపడి అంకెల లెక్కన విజేతను తేల్చే పోటీల్లో, ఖమర్ క్లబ్ తరఫున ఆడిన మంచి ఆటగాడే గానీ, ఆయన పేరు నిలిచింది ఆటగాడిగా కాదు. పేరు నిలబెట్టిన పని 1940ల తొలి సంవత్సరాల్లో మొదలైంది. అప్పుడు ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యారు. 1963లో మరణించేదాకా ఆ బాధ్యతలో ఉన్నారు.

ఈ కార్యదర్శి పదవిని ఆయన జీవితచరిత్ర చెప్పేవారు ఒక్క వాక్యంతో దాటేస్తారు. నిజానికి రహీం విజయ రహస్యంలో సగం అక్కడే ఉంది. సంఘం కార్యదర్శి అంటే పోటీలు ఎప్పుడు జరగాలో, ఎన్ని జట్లు ఆడాలో, ఏ నిబంధనలతో ఆడాలో తేల్చే మనిషి. సాధారణంగా శిక్షకుడు తన జట్టుకు సాధన చేయించి, వేరెవరో నిర్ణయించిన పోటీకి పంపుతాడు. పోటీ ఎలా ఉండాలన్నది అతని చేతిలో ఉండదు. రహీం చేతిలో రెండూ ఉన్నాయి. బడిలో ఉపాధ్యాయుడు పాఠమూ చెబుతాడు, పరీక్ష ప్రశ్నలూ తానే రాస్తాడు. పిల్లలు ఏది బలహీనంగా నేర్చుకున్నారో దానిమీదనే ప్రశ్న వేసి ఆ లోటు తీరుస్తాడు. రహీం ఫుట్‌బాల్ పోటీలను సరిగ్గా అలాగే మలిచారు.

ఆయన హైదరాబాదులో పెట్టించిన ప్రత్యేక పోటీలను పరిశీలిస్తే ఇది తేటపడుతుంది. వాటిలో ఒకటి బలహీనమైన కాలి పోటీ. ప్రతి మనిషికీ ఒక కాలు వాటంగా ఉంటుంది. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు ఎడమవైపు వచ్చిన బంతిని కూడా కుడికాలి మీదికి తెచ్చుకుని గానీ తన్నడు, ఆ తెచ్చుకునే క్షణంలోనే ఎదుటివాడు అడ్డుపడతాడు. వాటం లేని కాలితో మాత్రమే బంతిని తన్నాలన్న నిబంధనతో ఒక పోటీ పెడితే, మొదటి రోజు ఆట నవ్వులపాలే అవుతుంది. బంతి అనుకున్న వైపు పోదు, కాలి మడమ తిరుగుతుంది, పేరున్న ఆటగాడు కూడా పసివాడిలా తడబడతాడు. అయినా అది సాధన కాదు, గెలుపోటములున్న పోటీ. కనుక ఆటగాడు తన పరువు కోసమైనా ఆ కాలిని లొంగదీసుకుంటాడు. కొంతకాలానికి ఎటు వచ్చిన బంతిని అటే తన్నగల ఆటగాడు తయారవుతాడు. వంద సార్లు చెప్పినా వినని విషయాన్ని నిబంధన నేర్పించింది.

మరొకటి డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీ. డ్రిబ్లింగ్ అంటే బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని, చిన్న చిన్న తాకుళ్లతో ఎదుటి ఆటగాళ్లను తప్పించుకుంటూ ముందుకు పోవడం. చూసేవారికి అది కన్నుల పండుగ. ఆనాటి భారతీయ ఆటగాళ్లకు, వట్టి కాళ్లతో ఆడే అలవాటు వల్ల, అందులో అసాధారణమైన నేర్పు ఉండేది. అయితే ఒక్కడే బంతిని పట్టుకుని తిరిగితే మిగతా పదిమంది నిలబడి చూడవలసి వస్తుంది, ఎదుటి జట్టుకు సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. అందువల్ల రహీం, బంతి అందిన వెంటనే తోటివాడికి అందించి తీరాలన్న పోటీని పెట్టారు. అందించాలంటే అందుకోవడానికి ఎవరో ఒకరు ఖాళీలోకి పరుగెత్తి ఉండాలి. కనుక బంతి లేని ఆటగాడు ఏం చేయాలన్నది, ఫుట్‌బాల్‌లో నేర్పడానికి అన్నిటికంటే కష్టమైన పాఠమది, ఆ పోటీలో తనంతట తానే వంటబట్టేది. వీటితోపాటు అయిదుగురేసి ఆడే చిన్న పోటీలు కూడా ఉండేవి. మనుషులు తక్కువైతే ఒక్కొక్కరి కాలికి బంతి ఎక్కువసార్లు తగులుతుంది, ఆలోచించే వ్యవధి తగ్గుతుంది.

ఈ తీరులో ఎక్కాలు వల్లె వేయించే పాత బడి ఓపిక ఉంది. విదేశీ శిక్షణ పుస్తకాల్లో చిన్న మైదానపు ఆటలనే పేరుతో ఇవాళ వివరంగా కనబడే పద్ధతులకు దగ్గరగా ఉన్న ఈ ఆలోచనలను, పెద్ద ఖర్చేమీ లేకుండా, ఉన్న మైదానాల్లో, ఉన్న పిల్లలతో ఆయన అమలు చేశారన్నది గుర్తించవలసిన అంశం.

1950లో రహీం హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు శిక్షణ బాధ్యత స్వీకరించారు. అది పోలీసు శాఖ పోషించిన జట్టు. ఆటగాళ్లకు శాఖలో ఉద్యోగం ఉండేది, నెల జీతం వచ్చేది, సాధనకు సమయం దొరికేది. ఆ కాలంలో భారతీయ ఫుట్‌బాల్‌కు రాజధాని కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ వంటి క్లబ్బులకు లక్షల మంది అభిమానులు ఉండేవారు. దక్కను నుంచి వచ్చిన పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్లు, అప్పట్లో బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ గెలుచుకుంది. 1950లోనే దేశంలోని అతి పాత పోటీ అయిన డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను ఓడించింది. రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ పోటీ సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ జట్టు 1956–57, 1957–58 సంవత్సరాల్లో వెంట వెంటనే గెలిచింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, కడప కర్నూలు జిల్లాలూ హైదరాబాదూ ఒకే రాష్ట్రంలోకి వచ్చిన తరువాత, ఆ పోలీసు జట్టు ఆంధ్రప్రదేశ్ పోలీస్ పేరుతో ఆడింది. ఆ లెక్కన రహీం సంపాదించిన కీర్తిలో సీమ జిల్లాలకు కూడా వాటా ఉంది.

జాతీయ జట్టుతో ఆయన అనుబంధం ఇంచుమించు అదే కాలంలో మొదలైంది. 1951 మార్చిలో న్యూఢిల్లీలో తొలి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలో ఆడిన భారత జట్టు ఇండొనేషియానూ ఆఫ్ఘనిస్తాన్‌నూ 3–0 తేడాతో ఓడించి, ఫైనల్లో సాహు మేవాలాల్ కొట్టిన ఒకే ఒక్క గోల్‌తో ఇరాన్‌పై గెలిచింది.

మరుసటి ఏడాది అదే శిక్షకుడికి ఘోరమైన పరాజయం ఎదురైంది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత జట్టు 1–10 తేడాతో ఓడిపోయింది. చలిదేశపు తడి నేలమీద వట్టి కాళ్లతో ఆడటం ఎంత కష్టమో ఆ పోటీ చూపించింది. దాని తరువాతే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లను తప్పనిసరి చేసింది. చాలామంది ఆ ఓటమిని బూట్ల కథగానే చెబుతారు. రహీంకు అందులో అంతకంటే పెద్ద పాఠం కనిపించిందని ఆయన తరువాతి పని చెబుతుంది: ఆటగాళ్లు మైదానంలో నిలబడే అమరికే పాతబడిపోయింది.

అమరిక అంటే పదిమంది ఆటగాళ్లను, గోల్‌కీపర్‌ను వదిలేసి, రక్షణకు ఎందరు, మధ్యలో ఎందరు, దాడికి ఎందరు అని పంచే లెక్క. పాత బ్రిటిష్ అమరికలో వెనుక ఇద్దరు, మధ్యలో ముగ్గురు, ముందు అయిదుగురు ఉండేవారు. 1925లో ఆఫ్‌సైడ్ నియమం, అంటే దాడి చేసే ఆటగాడు ఎదుటి జట్టు రక్షకులను దాటి ముందుగానే కాచుకుని ఉండరాదన్న నియమం, సడలిన తరువాత గోల్స్ ఎక్కువై, మధ్య వరుసలో ఒకరిని వెనక్కి దించి రక్షకులను ముగ్గురిని చేసే పద్ధతి ఇంగ్లండులో వచ్చింది. 1950ల తొలినాళ్లలో హంగేరీ జట్టు దాన్ని ఇంకా మార్చింది. దాడికి కేంద్రంగా ఉండే సెంటర్ ఫార్వర్డ్‌ను ముందు నిలబెట్టకుండా కాస్త వెనక్కి రమ్మంది. అతనిని కనిపెట్టుకుని ఉండవలసిన రక్షకుడు వెంట వస్తే వెనుక ఖాళీ ఏర్పడుతుంది, రాకపోతే ఇతను స్వేచ్ఛగా బంతి పంచుతాడు. 1953 నవంబరులో వెంబ్లీ మైదానంలో ఇంగ్లండు హంగేరీ చేతిలో 3–6 తేడాతో ఓడిపోవడానికి ఇదే మూలం.

ఆసియాలో ఈ మార్పును ముందుగా పసిగట్టి, తన ఆటగాళ్ల శక్తికి తగినట్టు మార్చుకున్నవారిలో రహీం ఒకరు. 1958 ప్రపంచ కప్పులో బ్రెజిల్ ద్వారా లోకమంతటికీ తెలిసిన అమరిక, అంటే వెనుక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు ఉండే అమరిక, దానికి దగ్గరి రూపాన్ని ఆయన అంతకుముందే భారత జట్టుతో ఆడించారని ఫుట్‌బాల్ చరిత్రకారులు రాశారు. ఎవరు ముందు, ఎవరు వెనుక అన్న వాదన కంటే ముఖ్యమైన విషయం ఒకటుంది. డ్రిబ్లింగ్ నిషేధించిన పోటీల్లో తయారైన ఆటగాళ్లు లేకపోతే ఆ అమరిక కాగితం మీదే ఉండిపోయేది. ఖాళీలోకి పరుగెత్తడం, అందిన వెంటనే అందించడం, రెండు కాళ్లతోనూ ఆడటం అప్పటికే అలవడినవారికి మాత్రమే కొత్త అమరిక పనికివస్తుంది. పునాది చాలా ముందే, నగరపు చిన్న పోటీల్లో పడింది.

దాని ఫలితం 1956లో మెల్‌బోర్న్‌లో కనిపించింది. సమర్ బెనర్జీ నాయకత్వంలో వెళ్లిన జట్టులో హైదరాబాదు ఆటగాళ్ల బలగం పెద్దది. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫిఖారుద్దీన్, తులసీదాస్ బలరాం వారిలో కొందరు. తొలి పోటీలో ప్రత్యర్థి హంగేరీ తప్పుకోవడంతో భారత జట్టు నేరుగా ముందుకు వెళ్లి, డిసెంబరు 1న ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4–2 తేడాతో ఓడించింది. అందులో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే పోటీలో మూడు గోల్స్ కొట్టిన తొలి ఆసియా ఆటగాడు అతడే. సెమీఫైనల్లో, నాలుగేళ్ల కిందట పది గోల్స్ కొట్టిన యుగోస్లావియాయే మళ్లీ ఎదురైంది. మొదటి గోల్ కొట్టింది భారత జట్టు. చివరికి 1–4 తేడాతో ఓడిపోయినా, మూడో స్థానం పోటీలో బల్గేరియా చేతిలో 0–3 తేడాతో ఓడి పతకం చేజార్చుకున్నా, 1952 నుంచి 1956 దాకా జట్టు నడిచిన దూరం ఎంతో ఆ సెమీఫైనల్లోని తొలి గోల్ చెబుతుంది.

ఇక్కడ తులసీదాస్ బలరాం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. సికింద్రాబాదు దగ్గరి అమ్ముగూడలో 1936 అక్టోబరు 4న పేద తమిళ కుటుంబంలో పుట్టిన బలరాం స్థానిక లీగ్‌లో ఆడుతుండగా రహీం కంట పడ్డాడు. హైదరాబాద్ జట్టు సాధనకు రమ్మని పిలిస్తే, అంత దూరం రోజూ వచ్చి పోవడానికి తనకు తాహతు లేదని ఆ కుర్రవాడు చెప్పాడు. అద్దె సైకిల్‌కు కావలసిన డబ్బు రహీమే సమకూర్చారు. ఆ కుర్రవాడే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపైనా పెరూపైనా గోల్స్ కొట్టాడు. ప్రదీప్ కుమార్ బెనర్జీ, చునీ గోస్వామిలతో కలిసి భారత ఫుట్‌బాల్‌లో పేరుగాంచిన ముగ్గురిలో ఒకడయ్యాడు. శిక్షకుడు ఆటగాడిని ఎంపిక చేసినంత మాత్రాన పని పూర్తి కాదు. అతడు మైదానానికి రాగలడా, తిని వస్తున్నాడా అన్నది కూడా చూసుకోవాలి. బడిలో పిల్లవాడు రెండు రోజులు రాకపోతే ఇంటికి కబురుపెట్టే పంతులుకు ఇది కొత్త విషయం కాదు.

ఆయన ప్రయాణం తిన్నగా సాగిన దారి కాదన్నది కూడా చెప్పాలి. 1954 మనీలా, 1958 టోక్యో ఆసియా క్రీడల్లో జాతీయ జట్టు శిక్షణ ఇతరుల చేతుల్లో ఉంది. జాతీయ శిక్షకుడు అనే పదవి అప్పట్లో శాశ్వతమైన ఉద్యోగం కాదు. ఒక్కో పోటీకి ఒక్కో నియామకం జరిగేది. పిలుపు వచ్చినప్పుడు వెళ్లి, రానప్పుడు హైదరాబాదుకు తిరిగివచ్చి, పోలీసు జట్టును, నగర లీగ్‌ను చూసుకోవడం ఆయన చేశారు. 1960లో రోమ్‌లో జట్టు హంగేరీతో 1–2 తేడాతో ఓడి, ఫ్రాన్స్‌తో 1–1 సమంగా నిలిచి, పెరూ చేతిలో 1–3 తేడాతో ఓడి తిరిగివచ్చింది. ఫలితం పేలవంగా కనిపించినా, యూరప్ దిగ్గజాలకు ఎదురు నిలిచిన జట్టుగా దానికి గౌరవం దక్కింది.

1962 జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం ఊపిరితిత్తుల కాన్సర్‌తో బాధపడుతున్నారు. మొదటి పోటీలోనే జట్టు దక్షిణ కొరియా చేతిలో 0–2 తేడాతో ఓడింది. తరువాత థాయ్‌లాండును 4–1తో, జపాన్‌ను 2–0తో ఓడించింది గానీ, ఆ క్రమంలో రక్షణకు స్తంభం వంటి జర్నయిల్ సింగ్ తలకు పెద్ద గాయమై కుట్లు పడ్డాయి. రక్షకుడి స్థానంలో తల అడ్డుపెట్టి బంతిని తోయక తప్పదు కనుక అతణ్ణి అక్కడ ఆడించడం కష్టం. ఆడించకపోతే జట్టు బలం తగ్గుతుంది. జర్నయిల్ సింగ్ పంజాబులోని కళాశాల రోజుల్లో ఫార్వర్డ్‌గా ఆడినవాడని రహీంకు తెలుసు. సెమీఫైనల్లో అతణ్ణి ఏకంగా సెంటర్ ఫార్వర్డ్‌గా దింపారు. దక్షిణ వియత్నాంపై 3–2 తేడాతో జట్టు గెలిచింది, ఒక గోల్ జర్నయిల్ సింగ్‌దే.

ఫైనల్ 1962 సెప్టెంబరు 4న, మొదటి పోటీలో ఓడించిన దక్షిణ కొరియాతోనే జరిగింది. ఆ క్రీడలకు ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ రానివ్వకపోవడాన్ని భారతీయ ప్రతినిధి గురుదత్త సోంధీ బహిరంగంగా తప్పుపట్టడంతో స్థానిక జనం ఆగ్రహంగా ఉన్నారు. కిక్కిరిసిన సెనయన్ స్టేడియం భారత జట్టును చూసి కేకలు వేసింది. అటువంటి వాతావరణంలో ప్రదీప్ కుమార్ బెనర్జీ ఒక గోల్, తలకు కట్టుతో ఆడిన జర్నయిల్ సింగ్ మరొక గోల్ కొట్టి 2–1 తేడాతో స్వర్ణం తెచ్చారు. ఆటగాడి చరిత్రను, అతడు కళాశాలలో ఏ స్థానంలో ఆడాడన్న చిన్న సంగతిని సహితం, గుర్తుంచుకుని అవసరానికి వాడుకోవడం ఒక్క రోజులో వచ్చే నేర్పు కాదు. ఆ గెలుపు తరువాత తొమ్మిది నెలలకు, 1963 జూన్ 11న, రహీం మరణించారు.

శిక్షకుడి జీవితాన్ని అతని మరణంతో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఆయన మలిచిన ఆటగాళ్లతోనే జట్టు 1964 ఆసియా కప్‌లో ఇంగ్లీషు శిక్షకుడు హ్యారీ రైట్ ఆధ్వర్యంలో రెండో స్థానం పొందింది. 1965–66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలుచుకుంది. ప్రదీప్ కుమార్ బెనర్జీ స్వయంగా గొప్ప శిక్షకుడై, పోటీకి ముందు ఆటగాళ్లకు ఇచ్చే ప్రసంగాలకు పేరుగాంచాడు. రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం 1960 ఒలింపిక్ జట్టులో సభ్యుడిగా ఉండి, తరువాత అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడిగా పనిచేసి, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం పొందారు. హైదరాబాదు నుంచే వచ్చిన సయ్యద్ నయీముద్దీన్ 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్టుకు నాయకుడై, ఆపైన జాతీయ శిక్షకుడై, శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారాన్ని 1990లో అందుకున్నారు. ఆ పురస్కారం మొదలైంది 1985లో. రహీం పేరు అందులో లేకపోవడానికి కారణం కాలమే. ఆయన జీవితం ఆధారంగా మైదాన్ అనే హిందీ చిత్రం 2024లో వచ్చాక గానీ దేశంలో చాలామంది ఆయన పేరు వినలేదన్నది మాత్రం బాధ కలిగించే విషయం.

ఆ పరంపర తరువాతి దశాబ్దాల్లో బలహీనపడింది. మంచి ఆటగాళ్లను కలకత్తా క్లబ్బులు తీసుకుపోవడం, శాఖల జట్లకు ఆదరణ తగ్గడం వంటివన్నీ కారణాలే గానీ, అసలు లోటు పోటీలను మలిచే మనిషి లేకపోవడమే. శిక్షణా, నిర్వహణా వేరువేరు చేతుల్లోకి వెళ్లాయి. చిన్న పోటీలు పోయి, బహుమతి కోసం జరిగే పెద్ద పోటీలే మిగిలితే, పిల్లవాడు ఆడటానికి వస్తాడు గానీ నేర్చుకోవడానికి సందు ఉండదు.

నేడు ఈ దారిలో నడవదలచిన యువకుడికి రహీం కాలంలో లేని మెట్లు కొన్ని ఉన్నాయి. 1961లో పటియాలాలో నెలకొన్న జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే శిక్షణ డిప్లొమా ఒకటి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఇచ్చే లైసెన్సులు మరొక వరుస. పిల్లలకు ప్రాథమిక శిక్షణ ఇవ్వడానికి అర్హతనిచ్చే డి లైసెన్సుతో మొదలై, సి, బి, ఏ దాటుకుంటూ ప్రొఫెషనల్ స్థాయికి చేరాలి. బడిలో వ్యాయామ ఉపాధ్యాయుడు కావాలంటే వ్యాయామ విద్యలో పట్టా గాని డిప్లొమా గాని కావాలి. కళాశాలలో పీడీ అని పిలిచే ఫిజికల్ డైరెక్టర్ కావాలంటే ఆ విషయంలోనే స్నాతకోత్తర పట్టా, దానిపైన జాతీయ అర్హత పరీక్ష. పీడీ చేతి కింద తయారైన ఆటగాడు కళాశాల జట్టు నుంచి విశ్వవిద్యాలయ జట్టుకు, అక్కడినుంచి దక్షిణ మండల అంతర్ విశ్వవిద్యాలయ పోటీకి, ఆపైన అఖిల భారత స్థాయికి వెళతాడు. కడపలోని యోగి వేమన విశ్వవిద్యాలయం జట్టు నడిచే దారి కూడా ఇదే.

రాయలసీమలో మైదానం ఒక పెద్ద సమస్య. వాన తక్కువైన ఈ ఎర్రమట్టి గరుసు నేలమీద పచ్చిక నిలవదు, పడితే మోకాళ్లు చీరుకుపోతాయి, మిట్టమధ్యాహ్నం బంతి ఆడటం సాధ్యం కాదు. తెల్లవారుజామునో పొద్దు వాలాకనో సాధన చేయాలి. మంగంపేట చుట్టుపక్కల ముగ్గురాయి దుమ్ము కూడా దీనికి తోడవుతుంది. ఈ పరిస్థితుల్లోనూ అనంతపురంలో గ్రామీణాభివృద్ధి సంస్థ నడిపే క్రీడాగ్రామం పల్లె పిల్లలతో పెద్ద ఫుట్‌బాల్ లీగ్‌ను నడుపుతోంది. కడప పక్కన పుట్లంపల్లిలో ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. పచ్చిక, స్టేడియం, పెద్ద శిక్షకుడు వచ్చాకే మొదలుపెట్టాలని వారు కూర్చోలేదు.

బలహీనమైన కాలి పోటీకి పచ్చిక అక్కరలేదు. అయిదుగురేసి ఆడే పోటీకి పూర్తి కొలతల మైదానమూ అక్కరలేదు. బడి ఆవరణలో నలభై అడుగుల చదును, గోల్‌కు గుర్తుగా నాలుగు రాళ్లు, ఒక బంతి ఉంటే చాలు, గీతలు సున్నంతో గీయవచ్చు. దీనికి కావలసిన అసలు వనరు వ్యాయామ ఉపాధ్యాయుడి వేళ. మిగతా పాఠాలకు ఉపాధ్యాయులు చాలకపోతే ఆటల గంటను తీసివేయడం, ఎన్నికలకూ సర్వేలకూ ముందుగా వ్యాయామ ఉపాధ్యాయుణ్ణే పంపడం వంటి అలవాట్లు బడుల్లో మానితే, మండల స్థాయి బడి పిల్లల పోటీలకు వచ్చే జట్లలో రెండు కాళ్లతోనూ ఆడగల పిల్లలు రెండు మూడేళ్లలోనే కనిపిస్తారు. ఆ పిల్లల్లో ఒకరు రేపు డి లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకునేటప్పుడు, దానికి ముందు గడించిన అనుభవం ఈ ఆవరణలోనే మొదలై ఉంటుంది.